రెండు నీళ్ళకు రెండు దారులు

గుంటూరులో అరగంట గట్టి వాన కురిస్తే చాలు, మూడు వంతెనల కింద బళ్ళు ఆగిపోతాయి. పీకలవాగు వారనున్న ఇళ్ళలో బియ్యం బస్తాలు మంచాలెక్కుతాయి. వీధిలో నిలిచిన ఆ నీళ్ళలో వానెంతో, మురుగెంతో విడదీసి చెప్పలేం. భూగర్భ డ్రైనేజీ పూర్తయితే ఈ బాధ తీరుతుందని పాలకులు ఏళ్ళుగా చెబుతున్నారు, జనమూ నమ్ముతున్నారు. నా మాట వేరు. వాన నీటికి ముందు వేరే దారి చూపించకపోతే, ఎన్ని వందల కోట్లు పోసి వేసిన గొట్టమైనా మొదటి తుఫానుకే మురుగును వీధుల్లోకి ఎగదన్నుతుంది.

వాన నీటినీ మురుగునూ పొంతన లేని వేర్వేరు పథకాలుగా చూడటం పైనుంచే మొదలైంది. రాష్ట్రం విడిపోయాక కేంద్రం విజయవాడ, గుంటూరు నగరాలకు కలిపి 1,000 కోట్ల రూపాయలు ఇచ్చింది. అందులో సుమారు 460 కోట్లు విజయవాడలో వాన నీటి కాలువలకు, 540 కోట్లు గుంటూరులో భూగర్భ డ్రైనేజీకి. ఒక ఊరికి వాన కాలువలు, పక్క ఊరికి మురుగు గొట్టాలు! రెండు పనులూ నడిమధ్యలోనే ఆగాయి. గుంటూరులో 2019 తర్వాత పని పడకేసింది. రోడ్లు తవ్వి దించిన గొట్టాలు చాలాచోట్ల ఇళ్ళకు కలపకుండానే మట్టిలో ఉండిపోయాయి. ఇప్పుడా పథకాన్ని మళ్ళీ కదిలించాలన్న మాట వినిపిస్తోంది కాబట్టే ఈ సంగతి ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ఒక చిన్న లెక్క చూడండి. మన దేశంలో మురుగు గొట్టాలకు ప్రమాణాలు చెప్పేది కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ వారి మాన్యువల్. దాని ప్రకారం నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళు ఇస్తే, అందులో 80 శాతం, అంటే 108 లీటర్లు మురుగుగా బయటికొస్తాయి. ఐదుగురున్న ఇంటికి 540 లీటర్లు. పొద్దున పూట అందరూ ఒకేసారి వాడుకునే రద్దీకి రెండు మూడు రెట్లు కలిపి గొట్టం సైజు నిర్ణయిస్తారు. అదే ఇంటికి రెండున్నర సెంట్ల డాబా ఉందనుకుందాం. గంటలో ఐదు సెంటీమీటర్ల వాన పడితే ఆ డాబా మీంచి దిగే నీళ్ళు 5,000 లీటర్లు. ఆ కుటుంబం తొమ్మిది రోజుల్లో వదిలే మురుగుకంటే ఎక్కువ నీరు ఒక్క గంటలో వచ్చిపడిందన్నమాట. రద్దీ వేళకు వేసిన లెక్కతో పోల్చినా అది డెబ్బై రెట్లు పైమాటే. వీధిలో నాలుగు డాబాల గొట్టాలు మురుగు లైనులో కలిస్తే ఇక ఆ వీధి సంగతి చెప్పేదేముంది? పల్లంలో ఉన్న ఇంటి మరుగుదొడ్డిలోంచి నీళ్ళు వెనక్కి తన్నుకొస్తాయి. తప్పు మెరకన ఉన్నవాడిది, శిక్ష పల్లంలో ఉన్నవాడికి.

వాన నీరు మురుగులోకి దూరేది డాబా గొట్టాల దారినే అనుకోవద్దు. వీధి మునిగినప్పుడు నీళ్ళు పోతాయని జనం మ్యాన్‌హోల్ మూత ఎత్తేస్తారు. హైదరాబాదులో ప్రతి వానాకాలం జలమండలి వద్దు మొర్రో అంటుంది, ప్రతి వానాకాలం జరుగుతూనే ఉంటుంది. ఆ మూతలోంచి ఇసుక, రాళ్ళు, ప్లాస్టిక్ అన్నీ లోపలికి పోతాయి. మునిగిన వీధిలో తెరిచిన మ్యాన్‌హోల్ మనుషులనూ మింగుతుంది.

మూడో దారి కంటికి కనపడదు. అది మన నేలలోనే ఉంది. గుంటూరు నుంచి ప్రకాశం దాకా పరుచుకున్న నల్లరేగడి పత్తికి, మిర్చికి ప్రాణం. గొట్టానికి మాత్రం పగ. ఎండాకాలం నెర్రెలు విచ్చి కుంచించుకుపోతుంది, తడి తగలగానే ఉబ్బుతుంది. ఏడాదికోసారి ఇలా కదిలే నేలలో సిమెంటు అతుకుల పాత గొట్టం ఎన్నాళ్ళు నిలుస్తుంది? గొట్టం చుట్టూ పోసిన ఇసుక పొరే వాన నీటికి కాలువై, వదులైన ప్రతి అతుకు దగ్గరా లోపలికి చేరుస్తుంది. మనకు పెద్ద వానలు తుఫాన్లతో వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలా, నేల రోజుల తరబడి నానిపోతుంది. అన్ని రోజులూ గొట్టాలు నీళ్ళలో మునిగే ఉంటాయి.

అతుకు వదులైతే నీరు లోపలికి పోవడంతో ఆగదు. లైను నిండినప్పుడు అదే సందులోంచి మురుగు మట్టిలోకి వస్తుంది. ఆ పక్కనే మంచినీటి పైపు. కుళాయిలు రోజుకు గంటో రెండు గంటలో వచ్చే ఊళ్ళలో మిగతా వేళ పైపు ఖాళీ. దానికి చిల్లుంటే చుట్టూ ఉన్న మురుగును పీల్చుకుంటుంది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో, చుట్టుపక్కల పేటల్లో జరిగిందేమిటి? తాగే నీళ్ళలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది. వందల మంది ప్రభుత్వాసుపత్రిలో చేరారు, పదిమందికి పైగా చనిపోయారు. వాన చుక్క లేని మార్చిలోనే అంత జరిగితే, లైన్లు పొంగిపొర్లే అక్టోబరులో ముప్పు ఎంతుంటుందో ఊహించుకోండి.

పూడుకుపోయిన లైనులోకి చివరికి ఒక మనిషిని దింపుతారు. 2013లో వచ్చిన కేంద్ర చట్టం దాన్ని నిషేధించింది. దానికి వ్యతిరేకంగా ఉద్యమకారుడు బెజవాడ విల్సన్, ఆయన సహచరులు దశాబ్దాలుగా పోరాడుతున్నారు. అయినా మ్యాన్‌హోళ్ళలో చావులు ఆగలేదు. వానతో వచ్చిన ఇసుక లోపల పేరుకునే కొద్దీ ఆ పనికి పిలుపులు పెరుగుతాయి. అందుకే ఈ చర్చ పైపుల దగ్గర ఆగదు, ప్రాణాల దాకా వస్తుంది.

చేయాల్సిన పనులు అసాధ్యమైనవేమీ కావు. మట్టిలో ఉన్న పాత, కొత్త గొట్టాలన్నింటిలోకీ కెమెరా పంపి చూడాలి. లైనులోకి పొగ వదిలితే ఏ డాబా గొట్టంలోంచి పొగ వస్తుందో ఆ ఇంటి వాన నీరు మురుగులో కలుస్తున్నట్టే. వార్డుల్లో ఎమెనిటీస్ కార్యదర్శులున్నారు, వీధి వీధికీ ఈ జాబితా తయారుచేయించవచ్చు. జరిమానాలతో మొదలుపెట్టవద్దు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం డాబా గొట్టాన్ని మురుగు లైను నుంచి విడదీసుకున్న ఇంటివాళ్ళకు గొట్టానికి 53 డాలర్లు చేతికిచ్చింది. యాభై వేలకు పైగా గొట్టాలు అలా విడిపోయాయి. మన దగ్గర ఆస్తి పన్నులో కొంత తగ్గిస్తే చాలు, జనం ముందుకొస్తారు.

వాన నీటిని భూమిలోకి ఇంకించాలని వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002లోనే చెప్పింది. అయితే రేగడిలో నీరు నిదానంగా ఇంకుతుంది కాబట్టి ఇంకుడు గుంత ఒక్కటే సరిపోదు. అది నిండాక పొర్లే నీరు సైడు కాలువకు, అక్కడినుంచి వాగుకు చేరాలి. అంటే పీకలవాగు వాగుగా ఉండాలి. దాని గట్టున దశాబ్దాలుగా బతుకుతున్న పేదలకు పనికి దగ్గరలోనే ఇళ్ళు చూపించి, ఆ తర్వాతే వెడల్పు చేయాలి. పోతురాజు కాలువతో అవస్థపడే ఒంగోలుకూ, భూగర్భ డ్రైనేజీ కోసం ఎదురుచూస్తున్న ఈ రేగడి నేలలోని ప్రతి ఊరికీ ఇదే వరస.

వాన కాలువల లెక్క లేని భూగర్భ డ్రైనేజీ టెండరును ఈసారి ఒప్పుకోవద్దని నగరపాలక సంస్థకు నా విన్నపం. చదువరులకు ఇంకో విన్నపం. ఈసారి వాన వచ్చినప్పుడు మీ డాబా గొట్టం ఎందులోకి దిగుతుందో చూడండి. మురుగులోకైతే ఆ వారంలోనే ప్లంబరును పిలిచి విడదీయించండి. తర్వాత మీ కార్పొరేటరు దగ్గరకు వెళ్ళి, మా వీధి వాన నీటికి దారేదని అడగండి.