ఎముకను పుట్టించే శక్తికి పగ్గం కావాలి

1965లో లాస్ ఏంజెలిస్ ఎముకల వైద్యుడు మార్షల్ యూరిస్ట్ ఒక విచిత్రమైన ఫలితాన్ని ప్రకటించారు. ఎముక ముక్కను ఆమ్లంలో నానబెట్టి అందులోని కాల్షియం తీసేసి, మిగిలిన మెత్తటి పదార్థాన్ని జంతువుల కండలో పెడితే కొన్ని వారాలకు అక్కడ కొత్త ఎముక పుట్టింది, లోపల మజ్జతో సహా! ఎముకలో దాగిన ఏదో ప్రొటీన్ చుట్టుపక్కల కణాలకు ఎముకగా మారమని ఆదేశమిస్తోందన్నమాట. దానికి ఆయన ‘బోన్ మార్ఫోజెనెటిక్ ప్రొటీన్’ అని పేరు పెట్టారు. క్లుప్తంగా బీఎంపీ. భారత్ నుంచి వెళ్లిన హరి రెడ్డి, కుబేర్ సంపత్ 1981లో ఆ పదార్థంలోంచి కరిగే ప్రొటీన్లను విడదీసి, తిరిగి కలిపితేనే ఎముక పుడుతుందని చూపారు. 1988కల్లా ఆ ప్రొటీన్ల జన్యువులూ దొరికాయి.

అప్పుడు తెలిసింది, వీటి పని ఎముకతో ఆగదని. తల్లి కడుపులో పిండానికి వీపు ఏది, పొట్ట ఏది అని తేల్చడంలో వీటి పాత్ర ఉంది. పిండం చేయి మొదట వేళ్లు విడివడని పలకలా ఉంటుంది. వేళ్ల మధ్య కణాలు చనిపోతేనే ఐదు వేళ్లూ విడివడతాయి. ఆ కణాలను చనిపొమ్మని చెప్పేదీ బీఎంపీలే. బాతు కాలి వేళ్ల మధ్య గ్రెమ్లిన్ అనే మరో ప్రొటీన్ ఈ సంకేతాన్ని అడ్డుకుంటుంది, అందుకే అక్కడ చర్మపు పొర మిగిలిపోతుంది. బీఎంపీలు ఎంత పాతవంటే, ఈగలోని అలాంటి ప్రొటీన్‌ను ఎలుక చర్మం కింద పెట్టినా ఎముక పుట్టిందని 1993లో రుజువైంది.

ఒకే సంకేతం ఒకచోట కట్టిస్తుంది, మరోచోట కూల్చేయిస్తుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నదే ప్రాణం. అందుకే ప్రకృతి దానితోపాటే నాగిన్, గ్రెమ్లిన్ లాంటి ప్రొటీన్లను పగ్గాలుగా ఇచ్చింది. ఆ అదుపు తప్పితే ఏమవుతుందో ఎఫ్‌ఓపీ అనే అరుదైన జబ్బు చూపిస్తుంది. బీఎంపీ సంకేతాన్ని అందుకునే గ్రాహకాన్ని తయారుచేసే ఏసీవీఆర్1 జన్యువులో ఒక్క అక్షరం మారడమే దీనికి మూలమని 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. ఈ జబ్బున్న పిల్లల్లో కండలు, కీళ్ల కట్లు ఏళ్ల తరబడి ఎముకగా మారుతూ వస్తాయి. గడ్డ కనిపించిందని ముక్క తీసి పరీక్షిస్తే ఆ గాయమే కొత్త ఎముకకు కారణమవుతుంది.

ఇంత సున్నితమైన శక్తిని మనిషి మందుగా మార్చి ఏం చేశాడు? 2002లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, నడుము వెన్నుపూసలను అతికించే ఆపరేషన్‌లో బీఎంపీ-2 వాడటానికి అనుమతిచ్చింది. మెడ్‌ట్రానిక్ కంపెనీ ‘ఇన్‌ఫ్యూజ్’ పేరుతో అమ్మింది. వెన్నుపూసలను అతికించడానికి రోగి తుంటి నుంచి ఎముక తీసే బాధ తప్పుతుందన్నది నిజంగానే మంచి ఉద్దేశం. కానీ అనుమతి లేని మెడ ఆపరేషన్లలోనూ దాన్ని వాడారు. గొంతు వాచి ఊపిరి అందని ప్రమాదం ఉందని 2008లో ఎఫ్‌డీఏ హెచ్చరించాల్సి వచ్చింది. కంపెనీ సొమ్ముతో సాగిన 13 అధ్యయనాలు, దాదాపు 780 మంది రోగుల్లో ఈ ప్రొటీన్ వల్ల ఒక్క దుష్ఫలితమూ లేదని రాశాయి. అసలు ప్రమాదం ఆ పత్రాలు చెప్పినదానికి 10 నుంచి 50 రెట్లు ఉండవచ్చని 2011లో స్పైన్ జర్నల్‌లో యూజీన్ కారాజీ బృందం లెక్కతేల్చింది. 2013లో రెండు స్వతంత్ర బృందాలు రోగుల సమాచారమంతా తిరగేసి, తుంటి ఎముక కంటే ఇది స్పష్టంగా మెరుగని చెప్పలేమన్నాయి.

ఇక్కడ తప్పు ప్రొటీన్‌ది కాదు, విజ్ఞానానిదీ కాదు. శరీరం ఈ సంకేతానికి వేసిన పగ్గం లాంటిదే మందుల వ్యాపారానికీ ఉండాలి. ఆ పగ్గం నిజాయితీ ఒక్కటే. అధ్యయనంలో నష్టాలను దాచడం రోగిని మోసగించడమే. వెన్ను ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ‘ఏం పెడుతున్నారు, ఎందుకు, దాని నష్టాలేమిటి?’ అని డాక్టర్‌ను అడిగే హక్కు ప్రతి కుటుంబానికీ ఉంది.

మరో మాట పిల్లల వైద్యులకు. ఎఫ్‌ఓపీ ఉన్న బిడ్డ కాలి బొటనవేలు సాధారణంగా పుట్టుకతోనే పొట్టిగా, లోపలికి వంగి ఉంటుంది. పిల్లల ఒంటిపై అంతుపట్టని గడ్డ కనిపిస్తే, కత్తి పట్టేముందు ఆ కాలివేళ్లను ఒక్కసారి చూడండి. దానికి ఖర్చు లేదు. చూడకపోతే జరిగే నష్టాన్ని మాత్రం ఎవరూ పూడ్చలేరు.