చూచి వ్రాత

రచన అనగానే మనకు కవిత, కథ, నాటకం, వ్యాసం గుర్తుకు వస్తాయి. ప్రయోగశాలలో విద్యార్థి వ్రాసే నివేదికను రచనగా ఎవరూ లెక్కించరు. నిజానికి అది కూడా రచనయే. ఒక విధంగా కష్టతరమైన రచన. కవికి కల్పన చేసే స్వేచ్ఛ ఉంది. నివేదిక వ్రాసేవారికి ఆ స్వేచ్ఛ లేదు. తాము చేసినది, చూచినది, దాని నుండి గ్రహించినది మాత్రమే వారు చెప్పాలి. అటువంటి రచనను మన విద్యార్థులలో అనేకులు స్వయంగా వ్రాయడం లేదు. పై తరగతి వారి రికార్డు తెచ్చుకొని, బొమ్మలతో సహా రాత్రికి రాత్రి ఎక్కించి, మరునాడు సంతకం చేయించుకోవడం ఇంటర్మీడియట్‌లో మొదలై విశ్వవిద్యాలయం వరకు సాగుతున్న ఆచారం. దీనిని చిన్న విషయంగా భావించడం తగదని నా అభిప్రాయం.

ఇందువల్ల కలిగే నష్టమేమిటో తెలుసుకోవడానికి డిగ్రీలో జీవశాస్త్ర విద్యార్థులు చేసే ఒక ప్రయోగాన్ని పరిశీలిద్దాం. ఉల్లిగడ్డ అడుగుభాగం నీటికి తగిలేటట్లు ఉంచితే కొద్ది రోజులలో తెల్లని వేర్లు వస్తాయి. వేరు కొనను కత్తిరించి, స్థిరీకరించి, ఆమ్లంతో మెత్తపరచి, ఎసిటోకార్మైన్ రంజకం వేసి, గాజు పలకపై నొక్కి సూక్ష్మదర్శినిలో చూస్తే కణవిభజన కనబడుతుంది. ఎత్తి వ్రాసిన రికార్డులో ప్రథమ దశ, మధ్యస్థ దశ, చలన దశ, అంత్య దశ నాలుగూ ఒకే కొలతలో, పేర్చినట్లుగా ఉంటాయి. సూక్ష్మదర్శినిలో దృశ్యం అలా ఉండదు. ఎక్కువ కణాలు ఇంకా విభజనకు రాని అంతర్దశలోనే ఉంటాయి. మధ్యస్థ దశలోను, చలన దశలోను ఉన్న కణాలను వెదికి పట్టుకోవాలి. కణాలన్నీ ఒకేసారి విభజన చెందవు కనుక, ఏ దశలో ఎక్కువ కణాలు కనబడితే ఆ దశకు అంత ఎక్కువ కాలం పడుతుందని అర్థం. ఓపికతో లెక్కించిన విద్యార్థికే ఈ సంగతి బోధపడుతుంది. అందమైన నాలుగు బొమ్మలను ఎక్కించిన విద్యార్థికి మార్కులు దక్కవచ్చు. ప్రయోగం చెప్పదలచిన మాట మాత్రం చెవిన పడదు.

నివేదికలో లక్ష్యం, పరికరాలు, విధానం, పరిశీలనలు, చర్చ, నిర్ధారణ అనే భాగాలు ఉంటాయి. ఇవి ఖాళీలు పూరించడానికి ఏర్పడినవి కావు. విధానాన్ని చదివి మరొకరు అదే ప్రయోగాన్ని చేయగలగాలి. కనుక ‘రంజకం వేసి కొంతసేపు ఉంచాము’ అంటే చాలదు. ఎన్ని చుక్కలు, ఎన్ని నిమిషాలు అన్నది చెప్పాలి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. వారిని ఎన్నడూ చూడని శాస్త్రవేత్తలు దేశదేశాలలో ఆ పద్ధతిని అనుసరించగలిగారంటే, అది ఇతరులు చేసి చూచుకొనగలిగేటట్లు వ్రాసినందువల్లనే.

పరిశీలనకు, నిర్ధారణకు గల భేదం మన తర్కశాస్త్రానికి కొత్తది కాదు. కొండపై పొగను చూడడం ప్రత్యక్షం. అక్కడ నిప్పు ఉన్నదని తెలుసుకోవడం అనుమానం. పొగను చూచి నిప్పును చూచానని వ్రాయడం అసత్యమే అవుతుంది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ జీర్ణాశయపు గోడలో కొన్ని కణాలను చూచాడు. ఆ సంవత్సరం డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఆయన వ్యాసం శీర్షికలో మలేరియా రహస్యం తేలిపోయిందన్న ప్రకటన లేదు. మలేరియా రక్తం త్రాగిన రెండు దోమలలో కనబడిన కొన్ని వింత వర్ణక కణాలను గురించి అని మాత్రమే ఉంది. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, దోమకాటుతో ఆ వ్యాధి వ్యాపించే తీరును నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమతి ఆయనను వరించింది. చూచినంత మేరకే చెప్పడం వల్ల ఆయన కీర్తికి లోటు రాలేదు.

అంకెల విషయంలోనూ ఇదే నియమం వర్తిస్తుంది. మెండెల్ 1866లో ప్రచురించిన వ్యాసంలో బఠాణీ గింజలు మూడుకు ఒకటి నిష్పత్తిలో వచ్చాయని చెప్పి ఊరుకోలేదు. గుండ్రని గింజలు 5,474, ముడుతలు పడినవి 1,850 అని వ్రాశాడు. 1936లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ మెండెల్ అంకెలన్నింటినీ పరీక్షించి, అవి ఉండవలసినదానికన్నా సిద్ధాంతానికి మరీ దగ్గరగా ఉన్నాయని సందేహం వెలిబుచ్చాడు. ఆ సందేహంపై పండితుల వాదోపవాదాలు చాలాకాలం సాగాయి. అంకెలు వ్రాసి ఉండబట్టే డెబ్భై ఏళ్ళ తరువాత కూడా ప్రశ్నించడం సాధ్యమయింది. ప్రశ్నకు నిలబడడానికి సిద్ధపడడమే శాస్త్ర రచనకు ప్రాణం.

విద్యార్థులను మాత్రమే నిందించడం న్యాయం కాదు. ‘రంజకం సరిగా పట్టలేదు, కణాలు ఒకదానిపై ఒకటి పడ్డాయి, చలన దశ కనబడలేదు’ అని ఉన్నది ఉన్నట్లు వ్రాసిన రికార్డుకు తక్కువ మార్కులు వేసి, చూడని చలన దశను చక్కగా గీసిన రికార్డుకు ఎక్కువ మార్కులు వేస్తే మనం నేర్పుతున్నది ఏమిటి? ప్రయోగం విఫలం కావచ్చు. ఎందుకు విఫలమైనదో వివరించిన నివేదిక విఫలం కాదు. అధ్యాపకులు ఈ మాటను తరగతిలో చెప్పడమే కాదు, మార్కులలోనూ చూపాలి.

భాష మరొక అవరోధం. తెలుగు మాధ్యమంలో చదివి ఆంగ్ల మాధ్యమంలో అడుగుపెట్టిన విద్యార్థికి కన్ను చూచినదానిని కలం చెప్పలేకపోతుంది. అప్పుడు ఇతరుల వాక్యాలే శరణ్యమవుతాయి. డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వర్తకుడు ల్యూవెన్‌హాక్‌కు నాటి పండిత భాషయైన లాటిన్ రాదు. నీటిలో తాను చూచిన సూక్ష్మజీవులను గురించి 1676లో తన డచ్చి భాషలోనే లండన్ రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు. సొసైటీ దానిని అనువదింపజేసి ప్రకటించింది. కనుక సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నప్పుడు తోచిన మాటలను ముందుగా తెలుగులోనే గుర్తు వ్రాసుకోండి. ఆంగ్లంలోనికి మార్చడం తరువాతి పని. సొంత వాక్యంలో వ్యాకరణ దోషం దొర్లితే దిద్దుకోవచ్చు. అరువు తెచ్చుకొన్న చూపును దిద్దుకోలేము.

మన ఆలంకారికులు ఉన్నదానిని ఉన్నట్లు మనోహరంగా వర్ణించడాన్ని స్వభావోక్తి అన్నారు. ఉత్ప్రేక్షకు, అతిశయోక్తికి కావ్యంలో ఎంత గౌరవమున్నా ప్రయోగశాలలో స్థానం లేదు. అక్కడ శోభించేది స్వభావోక్తి ఒక్కటే. నేటి విద్యార్థి రేపు రోగి రక్తాన్ని పరీక్షించి నివేదిక ఇస్తాడు. విత్తనం మొలకెత్తుతుందో లేదో రైతుకు చెబుతాడు. ఆ నివేదికను నమ్మి ఒకరు మందు మింగుతారు, మరొకరు పొలం దున్నుతారు. ఆ నమ్మకానికి పునాది పడేది నేటి రికార్డులోనే. చూచి వ్రాయడం తప్పు కాదు. అదే విద్యార్థి ధర్మం. అయితే చూడవలసినది మిత్రుని పుస్తకాన్ని కాదు, ప్రకృతిని.