చీటీ ఖర్చు కంటే దారి ఖర్చే ఎక్కువ



మన ఆసుపత్రి ఓపీలో దాదాపు ప్రతిరోజూ వినిపించే మాట ఒకటుంది. పాత చీటీ తేదీ చూసి డాక్టరు గారు "మూడు నెలలుగా బీపీ మాత్రలు వాడలేదే, ఎందుకు మానేశారమ్మా?" అని అడుగుతారు. "కుదర్లేదండి" అంటుంది ఆమె తల వంచుకుని. కాలి మీద పుండు నల్లబడేదాకా ఎందుకు రాలేదని షుగరు రోగిని అడిగితే అతనూ అదే మాట. నెలనెలా రావలసిన గర్భిణి రెండు నెలలు ఆగి వచ్చినా అదే మాట.

అప్పుడు మేమేం చేస్తున్నాం? చాలాసార్లు కోప్పడుతున్నాం. చీటీ మీద రాయకపోయినా "నిర్లక్ష్యం" అని మనసులో రాసుకుంటున్నాం. ఈ నెల ఆ మాట గురించే మీతో మాట్లాడదలచాం. "కుదర్లేదండి" అనేది నిర్లక్ష్యం కాదు. చాలా ఇళ్ళలో అది రాత్రి కూర్చుని లెక్కలు వేసుకున్న తరువాత చెప్పే మాట. ఆ లెక్కను ఆసుపత్రి వాళ్ళం, సంఘస్థులం కూడా ఒకసారి చూడాలని మా మనవి.

ఆ మాటలో ఏముంది?

మన చిలకలపూడిలో రోల్డుగోల్డు పని చేసే ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు. ఎన్ని పీసులు చేస్తే అంత కూలి. ఒక పూట ఆసుపత్రి బల్ల మీద కూర్చుంటే ఆ పూట కూలి పోయినట్టే. పెడనలో అద్దకం పని చేసేవారిదీ అదే పరిస్థితి. నాట్ల కాలంలో, కోతల కాలంలో దివిసీమ కూలీలకు పని దొరికే రోజులే కొద్ది. ఆ కొద్ది రోజుల్లో ఒకటి ఆసుపత్రికి ఇవ్వడమంటే మామూలు విషయం కాదు. గిలకలదిండి నుండి వేటకు వెళ్ళేవారి సంగతి ఇంకో రకం. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవలతో వేట నిషేధం. వేట ఉన్న రోజుల్లో తీరిక ఉండదు, వేట లేని రోజుల్లో చేతిలో డబ్బు ఉండదు.

పైగా రోగి ఒక్కరే రాలేరు. ముసలమ్మ వెంట కొడుకో కూతురో రావాలి. అంటే ఒక జబ్బుకు రెండు కూలీలు పోతాయి. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టిక్కెట్టు లేదు. ఇది మేలు చేసిన పని. అయినా బస్సు ఎక్కే రోడ్డు దాకా ఆటో కావాలి. నాగాయలంక అవతల ఈలచెట్లదిబ్బ వంటి దీవి ఊళ్ళవారు ముందు పడవ దాటాలి. మధ్యాహ్నం ఏదో ఒకటి తినాలి. రక్తపరీక్ష ఫలితం "రేపు రండి" అన్నామంటే ఇదంతా మళ్ళీ మొదటి నుండి.

దేశం మొత్తం మీద వైద్యానికయ్యే ఖర్చులో ప్రజలు సొంత జేబు నుండి పెట్టుకునే వాటా 2013-14లో 64.2 శాతం ఉండేది. అది 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని కేంద్ర ప్రభుత్వ జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. సంతోషమే. కానీ పోయిన కూలి ఆ లెక్కలో లేదు. పేదవాడి దృష్టిలో అదే అసలు ఫీజు.

పాముకాటు చెప్పే పాఠం

మందు ఉండటం వేరు, మందు అందటం వేరు. ఈ తేడా మన ప్రాంతంలో అందరికంటే బాగా తెలిసినది పాము కరిచిన వారికే. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి వందకు పైగా మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ భయం చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో విషానికి విరుగుడు ఇంజెక్షను ఉచితం. మరి మనుషులు ఎందుకు చనిపోతున్నారు?

మన దేశంలో పాముకాటు మరణాల మీద 2011లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన, 2005లో సుమారు 45,900 మంది ఇలా మరణించి ఉంటారని అంచనా వేసింది. జనాభాను బట్టి చూస్తే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఈ మరణాల రేటు అన్నిటికంటే ఎక్కువ. అన్నిటికంటే బాధ కలిగించే సంగతి మరొకటుంది. చనిపోయిన వారిలో ఆసుపత్రిలో చనిపోయినవారు 23 శాతమే. మిగిలినవారు ఇంట్లోనో, దారిలోనో, మంత్రం వేసే వారి ముంగిట్లోనో ప్రాణం విడిచారు. ఆసుపత్రిలో మందు ఉంది, మనిషి ఆసుపత్రిలో లేడు.

మంత్రగాడి దగ్గరికి వెళ్ళారని వాళ్ళను ఎగతాళి చేయడం సులువు. కానీ అర్ధరాత్రి తలుపు తడితే లేచే మనిషి, డబ్బు అడగని మనిషి, పక్క వీధిలో ఉన్న మనిషి అతనే. మనం అంత దగ్గరగా ఉన్నామా?

సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాం. పాము కరిస్తే తాడుతో బిగించి కట్టకండి, బ్లేడుతో కోయకండి, నోటితో పీల్చకండి. కరిచిన కాలు గాని చెయ్యి గాని కదలకుండా ఉంచి, రోగిని నడిపించకుండా, 108కి ఫోను చేసి, విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి విషాలకు పనిచేసే మందు ఉంది. కట్లపాము కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు. నొప్పి లేదు కదా అని తెల్లవారేదాకా ఆగవద్దు.

పెద్ద ఆపరేషనుకు కార్డు ఉంది, చిన్న మాత్రకో?

2005 ఆగస్టు 15న 108 వాహనాలు మొదలయ్యాయి. 2007 ఏప్రిల్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలై, మరుసటి ఏడాదికి రాష్ట్రమంతటా వచ్చింది. ఇప్పుడు అది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. అంతకుముందు గుండె ఆపరేషను అంటే పొలం అమ్ముకోవడమే. పొలం లేనివాడు దేవుడి మీద భారం వేసి ఊరుకునేవాడు. ఈ పథకం ఎంతో మందిని బతికించింది, దానిని తక్కువ చేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు.

కానీ అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సలకు ఉద్దేశించినది. బీపీ, షుగరు అదుపులో లేక పదేళ్ళకు కిడ్నీలు దెబ్బతింటే డయాలసిస్‌కు ఆ కార్డు పనికొస్తుంది. ఆ పదేళ్ళూ నెలనెలా కావలసిన మాత్ర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ఊరికి వచ్చే 104 వాహనంలోనో దొరకాలి. అది వచ్చిన రోజు మనిషి పొలంలో ఉంటే ఆ నెల మాత్ర లేనట్టే. రోజుకు ఒక మాత్ర అందని మనిషికి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ అందుతోంది. ఇది తలకిందుల లెక్క అని మేమంటున్నాం.

క్షయ వ్యాధి విషయంలో ప్రభుత్వమే ఈ సంగతి గుర్తించింది. మందు ఉచితంగా ఇస్తే చాలదని, తిండికి కూడా సాయం కావాలని 2018 ఏప్రిల్ నుండి రోగికి నెలకు 500 రూపాయలు ఇచ్చారు. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేశారు. మందుతో పాటు మనిషి బతుకును కూడా చూడాలన్న ఆలోచన అది. బీపీకి, షుగరుకు కూడా అటువంటి ఆలోచన రావాలి.

ముందు నడిచినవారు

మిషను ఆసుపత్రులకు ఇది కొత్త పాఠం కాదు. డాక్టరు అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. ఆమె పెద్ద ఆసుపత్రి తెరిచింది 1898లో. మగ డాక్టరు ముందుకు రాలేని ఆ కాలపు స్త్రీల కోసం ఆమె మొదట వాళ్ళ ఇళ్ళకే వెళ్ళారు. వేలూరులో 1900 ప్రాంతంలో ఒక్క మంచంతో మొదలుపెట్టిన డాక్టరు ఐడా స్కడర్, రోడ్డు పక్క చెట్ల కింద ఆగి పల్లెవాళ్ళకు వైద్యం చేశారు. అదే వేలూరులో చదివిన డాక్టరు రజనీకాంత్ ఆరోళే, డాక్టరు మేబెల్ ఆరోళే దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్ అనే కరువు ప్రాంతానికి వెళ్ళారు. చదువు అంతగా లేని పల్లె స్త్రీలకు శిక్షణ ఇచ్చి ఊరూరా ఆరోగ్య కార్యకర్తలను తయారుచేశారు. 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు ప్రాథమిక ఆరోగ్యం గురించి చేసిన ప్రకటన వెనుక ఇటువంటి అనుభవాలు ఉన్నాయి.

వీరెవరూ రోగి వచ్చేదాకా కూర్చోలేదు. మరి మనం? చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాం. జీతాలు, మందులు, కరెంటు బిల్లు కోసం మేమూ రోగి ముందు మొదట క్యాష్ కౌంటరే పెట్టాం. ఓపీ పొద్దున పూటే పెట్టాం, పనికి వెళ్ళేవాడు ఆ వేళకు ఎలా వస్తాడని అడగలేదు. ఆసుపత్రి నడవాలంటే డబ్బు కావాలి, నిజమే. కానీ పేదవాడు మన గేటు చూసి "ఇది మనకు కాదులే" అనుకుని ముందుకు వెళ్ళిపోతే, ఆసుపత్రి నడిచి ఏం లాభం?

ప్రభుత్వం చేయాలి కదా అంటారా?

చేయాలి. అడగాలి కూడా. 2023 సెప్టెంబరులో మన మచిలీపట్నంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. 70 కిలోమీటర్ల దూరంలోని విజయవాడ దాకా వెళ్ళవలసిన అవసరం దీనివల్ల కొంత తగ్గాలి. అయితే బందరు దాకా వచ్చిన వారికే బందరు ఆసుపత్రి. కృష్ణ ఒడ్డున, సముద్రం అంచున ఉన్నవారిని ఇక్కడిదాకా చేర్చే పని ఇంకా మిగిలే ఉంది.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు వేలాది ప్రాణాలు పోయాయి. అప్పుడు ఎక్కడెక్కడి నుండో డాక్టర్లు, సేవకులు బురదలో నడుచుకుంటూ ఆ ఊళ్ళకు చేరారు. రోగులే మా దగ్గరికి రావాలని ఆ రోజున ఎవరూ అనలేదు. బీపీ, షుగరు ఉప్పెనలా ఒక్క రాత్రిలో రావు. ఇంటికి ఒకరు చొప్పున మెల్లగా తీసుకుపోతాయి కనుక మనకు ఆ తొందర పుట్టడం లేదు.

మనం చేయగలిగినవి

ఆసుపత్రి వైపు నుండి మేము అడుగుతున్నవి ఇవి. బీపీ, షుగరు అదుపులో ఉన్నవారికి డాక్టరు సలహా మీద రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. వారానికి ఒక్క రోజైనా సాయంత్రం ఓపీ ఉండాలి. దూరం నుండి వచ్చినవారి పరీక్షలు ముందు చేసి ఆ రోజే ఫలితం చెప్పాలి. ఆలస్యంగా వచ్చినవారిని కోప్పడకుండా "ఎలా వచ్చారమ్మా?" అని మొదట అడగాలి.

సంఘాల వైపు నుండి కూడా కొన్ని అడుగుతున్నాం. ప్రతి సంఘం ఒక బీపీ మిషను కొనుక్కుని, వాడటం వచ్చిన ఇద్దరిని ఏర్పాటు చేసుకోండి. ఆదివారం ఆరాధన తరువాత వీధిలోని వారెవరైనా, ఏ మతం వారైనా వచ్చి చూపించుకోనివ్వండి. తోడు లేని వృద్ధులను ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి పెన్షను తీసుకుని ఇంట్లో ఉంటున్నవారు వంతులు వేసుకోండి. 104 వాహనం మీ ఊరికి వచ్చే రోజు చర్చి బోర్డు మీద రాయండి. రాత్రివేళ పాము కరిస్తే బండి తీసే ఇద్దరి ఫోను నంబర్లు కూడా ఆ పక్కనే రాయండి.

మంచి సమరయుని కథ మనకు చిన్నప్పటి నుండి తెలుసు. అతడు గాయాలు కట్టినంత మాత్రాన తన పని అయిపోయిందనుకోలేదు. తన వాహనం మీద ఎక్కించాడు. పూటకూళ్ళ ఇంటికి చేర్చి రాత్రి దగ్గర ఉన్నాడు. ఖర్చు కట్టాడు. ఇంకా ఏమైనా అయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. అంటే వైద్యం ఒక వంతు, మిగిలిన మూడు వంతులూ దారి, తోడు, ఖర్చు. మనం ఆ మొదటి వంతు చేసి సమరయుని పేరు పెట్టుకుంటున్నామేమోనని మా అనుమానం.

ఈసారి మీ వీధిలో ఎవరైనా మందులు మానేసి "కుదర్లేదండి" అంటే తిట్టకండి. ఏం కుదరలేదో అడగండి. ఆటో కుదరలేదా, తోడు కుదరలేదా, కూలి పోతుందని కుదరలేదా? వాటిలో ఒకటైనా మన చేతిలో ఉండకపోదు.