దారిలో బండి నాపినప్పుడు

పంట పండించుట యొక యెత్తు, పండిన పంటను అంగడికి జేర్చుట మఱియొక యెత్తు. వానను, తెగులును, ధరల తారుమారును దాటి వచ్చిన రైతునకు రాత్రివేళ రహదారిమీద నింకొక గండ మెదురగుచున్నది. చేతిదీప మూపుచు బండి నాపు పోలీసువానిని జూడగనే మనవారి గుండె జల్లుమనును. ఏల జల్లుమనవలయును? మనము దొంగసొత్తు తోలుచున్నామా? దీనిని గూర్చి సభ్యులతో నాలుగు మాటలు చెప్పదలచితిమి.

గడచిన మిరప కాలమున మన సభ్యులలో నొకరు 40 టిక్కీల కాయను ట్రాక్టరు ట్రక్కున వేసికొని గుంటూరు యార్డునకు బయలుదేరిరి. అర్ధరాత్రి దాటిన పిమ్మట ఒక కూడలియొద్ద గస్తీవారు బండి నాపిరి. లైసెన్సు చూపుమనిరి, అది యింటిలో పెట్టెయం దున్నది. బీమా కాగితము చూపుమనిరి. దాని గడువు రెండు నెలల క్రిందటనే తీఱినది. చలానా వ్రాయుటకు మాఱుగా ఒక జవాను, "తెల్లవారులోగా యార్డు చేరవలెనా, వద్దా?" అని యడిగెను. ఆ మాటలోని భావము రైతునకు దెలిసినది. ఐదువందల రూపాయలు చేతులు మాఱినవి. రసీదు లేదు. మఱునాడు వారు సంఘ కార్యాలయమునకు వచ్చి, "ఇదెక్కడి న్యాయమండీ?" అని వాపోయిరి.

మేము వారిని రెండు ప్రశ్న లడిగితిమి. బీమా గడువు తీఱిన మాట నిజమేనా? రసీదు కావలెనని యడిగితిరా? రెండింటికిని వారు బదులు చెప్పలేదు. లంచము పుచ్చుకొన్నవాని తప్పు తప్పే. దానిని మేము సమర్థింపము. కాని యా తప్పునకు వాకిలి తెఱచినది గడువు తీఱిన కాగితము. వాకిలి మూసికొను పని మన చేతిలో నున్నది.

పోలీసు భయము మనకు నేడు పుట్టినది కాదు. పూర్వము చెన్నపురి రాజధానిలో శిస్తు వసూలు చేయు నుద్యోగుల చేతిలోనే పోలీసు అధికారమును ఉండెను. శిస్తు రాబట్టుటకై రైతులను హింసించుచున్నారను మొఱలు పుట్టగా, 1855లో నొక విచారణ సంఘము ఆ హింసలు నిజమేయని తేల్చినది. ఆ పిమ్మట 1859లో పోలీసు శాఖను రివెన్యూ శాఖనుండి వేఱుచేయుచు చట్టము వచ్చెను. ఆనాటినుండి చట్టములు పెక్కు మాఱినవి గాని, తాతలనాటి యా భయము మనల నింకను పూర్తిగా వదలలేదు. తెలియనితనమే దానికి నేటి యాధారము. కావున మొదట చట్ట మేమి చెప్పుచున్నదో తెలిసికొందము.

నేడు రహదారిని పాలించునది 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము. యూనిఫారము ధరించిన పోలీసు అధికారి యడిగినప్పుడు లైసెన్సు చూపుట డ్రైవరు విధి. రిజిస్ట్రేషను, బీమా మొదలగు కాగితములును అట్లే చూపవలయును. వానిని సెల్‌ఫోనులో డిజిలాకరు ద్వారా చూపినను చెల్లునట్లు 2018లో నిబంధనలను సవరించిరి. కాగిత మాసమయమున చేత లేకున్నచో, 15 దినములలోగా దాని నకలును ధ్రువపఱపించి సమర్పించుటకు నిబంధనలలో వీలున్నది. అధికారి లైసెన్సును స్వాధీనము చేసికొన్న యెడల తాత్కాలికపు రసీదు నీయవలయును. ఏ తప్పునకు ఎంత జరిమానా కట్టించుకొని యక్కడనే పరిష్కరింపవచ్చునో, ఆ యధికార మెవరికి గలదో రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించును. కావున ఆంధ్రప్రదేశమునందును తెలంగాణమునందును మొత్తములు వేఱుగా నుండవచ్చును. ఎచ్చటనైనను చలానా లేక పుచ్చుకొన్న సొమ్ము జరిమానా కాదు.

కూరగాయలను చిన్న బండ్లలో తోలు యువకులకు మఱియొక సందేహము గలదు. తేలిక వాహనముల లైసెన్సుతో సరకు బండి నడుపవచ్చునా యని వారడుగుచుందురు. బండి మొత్తపు బరువు 7,500 కిలోలకు మించనిచో నడుపవచ్చునని, దానికి వేఱుగా అనుమతి యక్కఱలేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో తీర్పు చెప్పినది.

ఇక మన తప్పులను గూర్చి దాపరికము లేక చెప్పుకొందము. మీసము రాని పిల్లవానికి ట్రాక్టరు తాళము చేతికిచ్చి మురియు తండ్రులు మనలో లేరా? 2019 సవరణ ననుసరించి పదునెనిమిదేండ్లు నిండని బాలుడు బండి నడిపి తప్పు చేసిన యెడల, సంరక్షకునికి గాని యజమానికి గాని మూడేండ్లవఱకు చెఱయు 25,000 రూపాయల జరిమానాయు కలుగును. నాట్లకు, కాయకోతకు కూలీలను ట్రక్కులో కిక్కిఱియ నెక్కించుచున్నాము. అది బోల్తాపడినచో చచ్చిపోవువారు మన యూరివారే. అట్టి సందర్భములలో బీమా కంపెనీలు పరిహార మీయజాలమని కోర్టులలో వాదించుటయు కలదు. వెనుక దీపము లేని ట్రక్కును చీకటిలో రహదారిమీద నిలుపుచున్నాము. వెలుగు పడగనే మెఱయు ఎఱ్ఱపట్టీ యంటించుటకు ఎంత ఖర్చగును? బీమా లేని బండి యొకని ప్రాణము దీసిన యెడల నష్టపరిహారము యజమాని తన యాస్తినుండి చెల్లింపవలసివచ్చును. ఐదువందలు పోయెనని విచారించువాడు, గడువు తీఱిన కాగితము వలన రెండెకరములు పోగలవని తలంచుట లేదు.

గస్తీవారి యెడలను న్యాయముగా మాటలాడవలయును. పొలములలో మోటార్లను, ట్రాన్స్‌ఫార్మర్ల రాగితీగను ఎత్తుకొనిపోవు దొంగల బెడద మన మెఱుగనిది కాదు. రాత్రి గస్తీ లేనిచో ఆ నష్టము హెచ్చును. త్రాగి లారీ తోలువానిని నిలిపినప్పుడు వారు రక్షించునది మన బిడ్డలనే. కావున బండి నాపుటయే యన్యాయమని తలంపరాదు. దీపము వేసి, బండి ప్రక్కకు దీసి, మర్యాదగా కాగితములు చూపుటయే మన పని.

"రసీదడిగినచో తెల్లవారువఱకు నిలిపివేయుదురు, ఆలోగా యార్డులో బేరము తప్పిపోవును, ఐదువందలిచ్చి పోవుటయే లాభము కాదా?" యని కొందఱనుచున్నారు. ఈ మాటలో నిజము లేకపోలేదు. ఒంటరి రైతునకు కాలమే సొమ్ము. కాని నేడొక డిచ్చినది రేపు వచ్చువానికి మామూలగుచున్నది. పైగా 2018 సవరణ ననుసరించి లంచ మిచ్చువాడును శిక్షార్హుడే. ఏడేండ్లవఱకు చెఱ పడవచ్చును. బలవంతముచే నిచ్చినవాడు ఏడు దినములలోగా అధికారులకు తెలిపినచో నతనికి శిక్ష లేదు. ఇచ్చి యూరకుండువానికే చిక్కు.

ఒంటరివాని కసాధ్యమైన దానిని సాధించుటకే గదా మనము సంఘముగా నేర్పడితిమి! ఎరువులు కలిసి తెచ్చుకొనుచున్నాము. కాగితముల విషయమున నేల కలియరాదు? సభ్యుల బండ్లకు సంబంధించిన బీమా గడువులను, లైసెన్సు గడువులను ఒక పుస్తకమున వ్రాసి, నెల ముందుగా కబురు పంపు పనిని సంఘ గుమాస్తాకు ఒప్పగింపవచ్చును. కోతలకు ముందొక దినమున అందఱి బీమాలను ఒక్కచో కట్టింపవచ్చును. ట్రాక్టరునకే గాక ట్రక్కునకును బీమా గలదో లేదో అప్పుడే చూచుకొనవచ్చును. దారిలో నన్యాయము జరిగినచో స్థలమును, వేళను, జవాను చొక్కామీది పేరును గుర్తుంచుకొని వచ్చిన సభ్యునిచే అర్జీ వ్రాయించి, సంఘము పేర పై యధికారికిని, అవసరమైనచో అవినీతి నిరోధక శాఖకును పంపవచ్చును. వార్షిక సమావేశమునకు పోలీసు అధికారిని పిలిచి, కష్టములను ముఖాముఖిగా చెప్పుకొనవచ్చును. ఒక్కని మొఱ వినకపోవచ్చును. మూడువందల మంది సంతకములు గల యర్జీని త్రోసివేయుట సులభము కాదు.

ఈ సూచనలను రాబోవు పాలకవర్గ సమావేశమున చర్చింపవలెనని కోరుచున్నాము. అంతవఱకు సభ్యులకు మా విన్నప మొక్కటియే. టిక్కీలు కుట్టించుటకు ముందు కాగితముల గడువులు చూచుకొనుడు. దారిలో సొమ్మడిగినచో రసీదడుగుడు. రసీదు దొరకనినాడు మౌనముగా నింటికి పోక, సంఘమునకు రండు.