ఈసీజీ నార్మల్... మరి ఆ నొప్పి ఎందుకు?

కర్ణాటకలోని హాసన్ జిల్లాలో దాదాపు 40 రోజుల్లో 20 మందికి పైగా గుండెపోటుతో మరణించారని 2025 జూన్, జులై నెలల్లో వార్తలు వచ్చాయి. మృతుల్లో యువకులూ ఉన్నారు. ఆ వార్తలు వెలువడిన కొద్ది రోజులకే మైసూరు, బెంగళూరుల్లోని జయదేవ హృద్రోగ సంస్థ ఆసుపత్రుల ముందు జనం బారులు తీరారు. ఛాతీలో ఎప్పుడో ఒకసారి చురుక్కుమన్నవారు, రాత్రిపూట గుండె దడదడలాడినవారు, ఏ లక్షణమూ లేకపోయినా భయపడినవారు అందరూ వచ్చారు. ఆందోళన పడొద్దని వైద్యులు విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది.

జయదేవ సంస్థ డైరెక్టర్ డాక్టర్ కె.ఎస్. రవీంద్రనాథ్ నేతృత్వంలో ప్రభుత్వం నియమించిన కమిటీ ఆ మరణాలను పరిశీలించింది. అన్నీ గుండె సంబంధిత మరణాలు కావని, అంతకుముందుతో పోలిస్తే జిల్లాలో గుండె మరణాలు అనూహ్యంగా పెరిగిన దాఖలాలు లేవని చెప్పింది. మృతుల్లో చాలామందికి మధుమేహం, రక్తపోటు, పొగతాగడం, మద్యం వంటి తెలిసిన ముప్పులే ఉన్నాయని పేర్కొంది. చనిపోయినవారి గురించి ఇలా ఒక జవాబు వచ్చింది. కానీ ఛాతీ నొప్పితో, గుండె దడతో ఆ వరసల్లో నిలబడినవారి ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. 'ఈసీజీ బాగానే ఉంది, ఏమీ లేదు' అన్న తర్వాత కూడా తగ్గని నొప్పికి కారణం ఎవరు చెప్పాలి?

జవాబు లేని చోట పుట్టే అనుమానం

ఈ ఖాళీలోకే కోవిడ్ టీకా అనుమానం వచ్చి చేరింది. హాసన్ మరణాల నేపథ్యంలో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య టీకాలకు హడావుడిగా అనుమతి ఇవ్వడాన్ని ప్రస్తావించారు. కేంద్ర ఆరోగ్యశాఖ వెంటనే ఆ సంబంధాన్ని తోసిపుచ్చింది. కేంద్రం ఆధారంగా చూపింది భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రచురించిన అధ్యయనాన్ని. 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి మధ్య ఆకస్మికంగా మరణించిన 18-45 ఏళ్ల వయసున్న 729 మంది వివరాలను, వారితో పోల్చదగిన 2,916 మంది వివరాలతో బేరీజు వేశారు. 19 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 47 ఆసుపత్రులు ఇందులో పాల్గొన్నాయి. టీకా వల్ల ముప్పు పెరిగినట్లు కనబడలేదు. రెండు డోసులు తీసుకున్నవారిలో ముప్పు తక్కువగా ఉంది. కుటుంబంలో ఆకస్మిక మరణాల చరిత్ర, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, మరణానికి ముందు 48 గంటల్లో అతిగా మద్యం తాగడం, మత్తు పదార్థాలు, కఠిన శారీరక శ్రమ వంటివి ముప్పును పెంచే అంశాలుగా తేలాయి.

మొత్తం జనాభా గురించి ఇది బలమైన సాక్ష్యం. అయితే ఒక మనిషి తన ఛాతీలో నొప్పి ఎందుకని అడిగినప్పుడు లెక్కల పట్టిక జవాబు కాదు. అతనికి కావలసింది తన శరీరం గురించిన వివరణ. అది దొరకనప్పుడు వాట్సాప్‌లో వచ్చిందే వివరణ అవుతుంది.

పది సెకన్ల సాక్ష్యం

మామూలు ఈసీజీ గుండె లయను సుమారు 10 సెకన్ల పాటు నమోదు చేస్తుంది. రోజుకు 86,400 సెకన్లు. వారానికి రెండుసార్లు, రెండేసి నిమిషాలు వచ్చే గుండె దడ ఆ 10 సెకన్లలో దొరకడం అదృష్టం మీద ఆధారపడినట్టే. అందుకే ఒకటి రెండు రోజులు ఒంటికి తగిలించుకునే హోల్టర్ పరికరం, అవసరమైతే ఇంకా ఎక్కువ రోజులు నమోదు చేసే మానిటర్లు ఉన్నాయి. ఛాతీ నొప్పి విషయంలోనూ అంతే. గుండెపోటు మొదలైన తొలి గంటల్లో ఈసీజీ మామూలుగా ఉండవచ్చు. కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేసే ట్రోపోనిన్ రక్తపరీక్ష ఆ లోటును పూడుస్తుంది. 'నార్మల్' అన్న మాటకు అర్థం ఆ పరీక్షలో, ఆ క్షణంలో ఏమీ కనిపించలేదని మాత్రమే.

కనిపించనివి చాలానే ఉన్నాయి. ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగిపోతూ, నిమిషానికి 150కి పైగా కొట్టుకునే ఒక రకం దడ యువతలో తరచుగా 'టెన్షన్' ఖాతాలోకి వెళ్లిపోతుంది. గుండెలోని విద్యుత్ మార్గంలో ఉండే ఆ లోపాన్ని చాలామందిలో అబ్లేషన్ చికిత్సతో శాశ్వతంగా సరిచేయవచ్చు. చిన్నతనంలో వచ్చిన గొంతు ఇన్ఫెక్షన్ కీళ్లవాత జ్వరంగా మారి గుండె కవాటాలను దెబ్బతీసే జబ్బు దక్షిణాసియాలో ఇంకా పోలేదు. గర్భం దాల్చినప్పుడు వచ్చే ఆయాసం, దడతోనే అది తొలిసారి బయటపడే మహిళలున్నారు. ఒక ఎకో పరీక్ష చాలు దాన్ని పట్టుకోవడానికి. యాంజియోగ్రామ్‌లో పెద్ద రక్తనాళాలు శుభ్రంగా కనిపించినా, సూక్ష్మ రక్తనాళాలు సరిగా వ్యాకోచించక నొప్పి రావచ్చు. ఇది మహిళల్లో ఎక్కువ.

గుండెకు బయట ఉన్న కారణాలూ తక్కువేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే గుండె వేగం పెంచక తప్పదు. థైరాయిడ్ అతిగా పనిచేసినా దడే. పక్కటెముకల దగ్గర మృదులాస్థి వాపు, ఆహారనాళంలోకి ఆమ్లం ఎగదన్నడం, పానిక్ అటాక్ కూడా గుండెపోటులాగే భయపెడతాయి. పానిక్ అటాక్ అంటే 'ఏమీ లేకపోవడం' కాదు. దానికీ నిర్ధారణ ఉంది, చికిత్స ఉంది. చిక్కల్లా పరీక్షలు పూర్తికాకముందే ఆ పేరు పెట్టేయడం దగ్గర వస్తోంది.

రెండు వైపులా పొరపాటే

మన ఊళ్లలో ఛాతీ నొప్పికి తొలి నిర్ధారణ 'గ్యాస్'. తొలి మందు ఓ సోడా లేదా యాంటాసిడ్. దక్షిణాసియాలో తొలి గుండెపోటు వయసు మిగతా ప్రపంచం కంటే ఐదారేళ్లు ముందని, సగటున 53 ఏళ్లకే వస్తోందని 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనం దాదాపు రెండు దశాబ్దాల కిందటే చూపింది. అలాంటి చోట 'గ్యాస్' అనుకొని పోగొట్టుకున్న గంట ప్రాణం తీస్తుంది. మరోవైపు, ప్రమాదం తక్కువగా ఉన్న పాతికేళ్ల యువకుడు భయంతో కార్పొరేట్ ప్యాకేజీలు కొని, ఊరూరా డాక్టర్లను మారుస్తూ అప్పులపాలవడం కూడా నష్టమే.

ఈ రెండింటికీ మధ్య దారి ప్రభుత్వ పథకాల్లో సన్నగా ఉంది. ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి ఖర్చు భరిస్తుంది. ఓపీలో కారణం వెతుక్కునేవారికి అది వర్తించదు. ఆరోగ్యశ్రీ బలం కూడా ఆపరేషన్లలో, ఇన్‌పేషెంట్ చికిత్సల్లోనే ఉంది. అంటే స్టెంట్ వేయడానికి డబ్బుంది, స్టెంట్ అవసరం లేదని తేల్చడానికి లేదు. తెలంగాణలో 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాల్లో హిమోగ్లోబిన్, థైరాయిడ్ వంటి పరీక్షలు ఉచితంగా చేస్తుండటం ఈ లోటును కొంత తగ్గించింది. ఏరియా ఆసుపత్రి స్థాయిలో ఎకో, హోల్టర్ కూడా తోడైతే దడతో వచ్చే చాలామందికి హైదరాబాద్, విజయవాడ ప్రయాణం తప్పుతుంది. హాసన్ తర్వాత ఆసుపత్రి వెలుపల జరిగే ఆకస్మిక మరణాలను నమోదు చేసి పోస్టుమార్టం జరుపుతామని కర్ణాటక ప్రకటించింది. మృతుడి కారణం తెలిస్తే, వంశపారంపర్య జబ్బు ఉన్న తోబుట్టువులను ముందే పరీక్షించే వీలుంటుంది. కాబట్టి ఇది తెలుగు రాష్ట్రాలూ అనుసరించదగ్గ అడుగు.

అంతవరకు రోగి చేతిలో ఉన్నవి కొన్నే. నొప్పి ఛాతీని పిండేస్తున్నట్టు ఉండి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. దడతో పాటు స్పృహ తప్పినా, వ్యాయామం మధ్యలో కళ్లు తిరిగి పడినా, కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉన్నా 'నార్మల్' అన్న ఒక్క ఈసీజీతో ఆగకూడదు. దడ ఎప్పుడు వచ్చింది, ఎంతసేపుంది, ఎలా ఆగింది అన్నది రాసిపెట్టుకోవాలి. దడ ఉన్నప్పుడే దగ్గర్లోని ఆసుపత్రిలో ఈసీజీ తీయించుకుని కాగితం భద్రపరచుకోవాలి. డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది: 'గుండెపోటు కాదు సరే, మరి దీన్ని ఏమంటారు, తర్వాత ఏం చేయాలి?' ఓపీలో రెండు నిమిషాలే దొరికే వ్యవస్థలో ఆ ప్రశ్నకు చోటు కల్పించడం మాత్రం ప్రభుత్వాల పని.