ఎర్రాకు మొక్క సరే, మన చిరివేరు మాటేమిటి?

(మా విలేఖరి)

గుడివాడ, బందరు రోడ్ల పక్కన మొక్కలు అమ్మే బండ్లమీద ఎర్రగా నిగనిగలాడే పొడవాటి ఆకుల మొక్క ఒకటి కనిపిస్తుంది. డాబా ఇల్లు కట్టుకున్నవారు పలువురు దానిని గేటు పక్కన కుండీలో పెట్టుకుంటున్నారు. క్రోటన్ అని అడిగి కొంటారు గాని అది క్రోటన్ కాదు. శాస్త్రంలో దాని పేరు కార్డిలైన్. పసిఫిక్ దీవులవారు దానిని ‘టీ’ అంటారు. మనం తాగే తేయాకుతో దానికి చుట్టరికం లేదు.

హవాయి దీవులలో ఆ మొక్క ఇంటిచుట్టూ ఉంటే కీడు రాదని నమ్మకం. దాని ఆకులలో ఆహారాన్ని చుట్టి వండుతారు. మనకు మామిడి తోరణం, అరటాకు ఎట్లాగో వారికి అది అట్లాగన్నమాట. పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా సంపన్నులు అటువంటి రంగు ఆకుల మొక్కలను అద్దాల ఇళ్లలో పెంచి, వాటి బొమ్మలు వేయించి పుస్తకాలలో అచ్చొత్తించారు. ఈ మొక్కకు పువ్వు చిన్నది, ఆకే అందం. ఆ ఆకు అంచునూ, ఈనెనూ, రంగు మారే తీరునూ చిత్రకారుడు ఓపికగా గీసి చూపగా దానికి అంత పేరు వచ్చింది.

మంచిదే. పరాయి మొక్క అయినంత మాత్రాన పెంచవద్దని ఎవరూ అనరు. అయితే మన మొక్కలకు బొమ్మ కట్టినవారు లేరా అన్నదే ప్రశ్న. ఉన్నారు. అది మనలో చాలామందికి తెలియకపోవడమే విచారకరం.

1781 నుంచి సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బరో అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు మన కోస్తా మొక్కలను సేకరించి, వాటి గుణాలు రాసి, ఇక్కడి చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. అవి 1795 నుంచి 1820 వరకు లండనులో మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. మొత్తం 300 బొమ్మలు. మన తాడిచెట్టు అందులో ఉంది. మోదుగపువ్వు ఉంది. టేకు ఉంది. తెలుగువారు ఏ మొక్కను ఏమంటారో కూడా ఆయన రాశాడు. సోమిద చెట్టుకైతే ఆ తెలుగు పేరే తరువాత శాస్త్రనామంలోకి ఎక్కింది. రాయించినవాడి పేరు నిలిచింది, చెట్టు పేరు నిలిచింది. కుంచె పట్టిన మనవాళ్ల పేర్లు మాత్రం ఆ పుస్తకానికి ఎక్కలేదు.

ఆ మొదటి సంపుటంలోనే చిరివేరు బొమ్మ ఉంది. కంటికి ఆనని తెల్లపూల చిన్న మొక్క. కుండీలో పెడితే ఎవరూ రెండోసారి చూడరు. దాని అందమంతా ఇసుకలోకి దిగిన సన్నని వేరులో ఉంది. బందరు అద్దకానికి ఎరుపునిచ్చింది ఆ వేరే. నిజాంపట్నం వైపు చిరివేరుకు పదిహేడవ శతాబ్దంలోనే పేరుండేది.

అద్దకం పని చూసినవారికి ఈ సంగతి తెలుసు. గుడ్డను పాలు, కరక్కాయ కలిపిన నీళ్లలో తడిపి ఆరవేస్తారు. ఇనుప తుక్కు, బెల్లం కలిపి పులియబెట్టిన నీటితో నల్లగీత అద్దుతారు. ఎరుపు రావలసినచోట పటిక నీళ్లు అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు జాడే ఉండదు. ఆ గుడ్డను చిరివేరు వేసిన కాగులో మరిగిస్తే, పటిక పడినచోట ఎరుపు పట్టుకుంటుంది. తక్కినచోట అంటిన రంగు పారే నీటిలో వదిలిపోతుంది. పువ్వు కాగులోనే పూస్తుందన్నమాట. మొక్క బొమ్మను మొక్క రసంతోనే పూయించిన పని ఇది. ఆ తీగలూ, పూలచెట్లూ ఉన్న గుడ్డలకోసం డచ్చివారు, ఇంగ్లీషువారు బందరులో కోఠీలు పెట్టారు. మన గుడ్డ ధాటికి తట్టుకోలేక 1686లో ఫ్రాన్సు, 1701లో ఇంగ్లండు అటువంటి అద్దకపు గుడ్డలపై నిషేధాలు విధించాయి.

తరువాత కథ మారింది. చిరివేరులో ఉన్న ఎరుపు పదార్థాన్నే 1868లో జర్మను శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేశారు. పొడి చౌక అయింది, వేరు తవ్వే కూలి గిట్టుబాటు కాకుండా పోయింది. పెడనలో అద్దకం ఈనాటికీ సాగుతున్నది, మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కాని చిరివేరు ఏదని కుర్రవాళ్లను అడిగితే తెల్లమొగం వేస్తారు. మరోవంక స్క్రీన్ మీద గంటల్లో గుద్దిన గుడ్డ కూడా కలంకారీ పేరుతోనే అమ్ముడవుతున్నది. కొనేవారికి తేడా తెలియదు. నష్టం అచ్చు చెక్కేవాడికీ, అద్దేవాడికీ.

బొమ్మలు కూడు పెడతాయా అని కొందరు అడగవచ్చు. పెట్టాయి. ఒకనాడు బందరు రేవుకు ఓడలను రప్పించినవి ఆ పువ్వుల గుడ్డలే. ఈనాడూ పెడనలో ఎన్నో పొయ్యిలు వెలిగేది అచ్చుమీది పువ్వుతోనే.

కనుక కొన్ని పనులు వెంటనే జరగాలి. రాక్స్‌బరో బొమ్మలు ఎవరి సొత్తూ కావు. వాటిలో మన ప్రాంతపు మొక్కలను ఎంచి, తెలుగు పేర్లతో పటాలు కట్టించి జిల్లాలోని ప్రతి పాఠశాలలోనూ తగిలించాలి. దివిసీమ ఇసుక నేలల్లో పదిసెంట్లయినా చిరివేరు సాగుచేయించి, ఆ పంటను పెడన పనివారు కొనే ఏర్పాటును ఉద్యానశాఖ చూడాలి. చేతి అద్దకానికీ స్క్రీన్ గుడ్డకూ వేరువేరు ముద్రలు తప్పనిసరి చేయాలి. నాగాయలంక మడచెట్టునూ, గట్టుమీది మొగలినీ, తాడినీ కొత్త అచ్చులుగా చెక్కించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, గుడ్డ అంచున అచ్చు చెక్కినవాని పేరు, అద్దినవాని పేరు ఉండాలి. రెండువందల ఏళ్లనాడు కుంచె పట్టినవారి పేర్లు మనకు దక్కలేదు. ఈనాటి పనివారి పేర్లయినా పోకుండా చూడటం మన చేతిలోనే ఉంది.

గేటు దగ్గర ఎర్రాకు మొక్క ఉండనివ్వండి. దాని పక్కనే ఒక చిరివేరు మొక్క కూడా నాటండి. ఇదేమిటని పిల్లవాడు అడిగితే చెప్పడానికి మనకు ఒక కథ ఉంది.