ఫోను లాక్కుంటే భద్రత వస్తుందా?

మొన్న వేసవిలో మా సంఘం పెట్టిన తల్లుల సమావేశంలో ఒకామె లేచి, "మా పిల్ల దగ్గర ఫోను తీసేసుకున్నామండీ, ఇక ఏ బాధా లేదు" అంది. ఎందుకు తీసుకున్నారని అడిగితే అందరిముందూ చెప్పలేదు. సమావేశం అయిపోయాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ చెప్పింది. పదో తరగతి చదివే కూతురి ఫోటో కింద ఎవరో అసహ్యమైన రాతలు రాసి క్లాసు పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టారట. పెట్టినవాడు ఆ క్లాసు పిల్లాడే. వాడి ఫోను వాడి దగ్గరే ఉంది. ఈ పిల్లకు మాత్రం ఫోనూ పోయింది, ఫోనులో వినే లెక్కల పాఠాలూ పోయాయి.

"మీకెలా తెలిసిందమ్మా?" అన్నాను.

"పక్కింటి పిల్ల చెప్పిందండీ. ఇది నోరు విప్పలేదు."

ఎందుకు విప్పలేదన్న ప్రశ్న ఆమెకు రాలేదు. ఆమెను తప్పు పట్టి లాభం లేదు, మనలో చాలామందికి రాదు. పిల్లలకు ఇంటర్నెట్‌లో జరిగేదేమిటి, చేసేదెవరు, వాళ్ళు ఎవరికి చెబుతారు అనే విషయాలు పిల్లల్నే అడిగి తెలుసుకున్న పరిశోధన ఒకటుంది. అది మన దేశంలో జరిగింది కాదు. అయినా మనం తెలుసుకోవాలి.

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో కింబర్లీ మిచెల్ అనే సైకాలజీ పరిశోధకురాలు ఉన్నారు. పిల్లలపై జరిగే నేరాలను అధ్యయనం చేసే కేంద్రంలో డేవిడ్ ఫింకెలోర్, జానిస్ వోలక్, లీసా జోన్స్ వంటి వారితో కలిసి పనిచేశారు. 1999 ఆగస్టు నుంచి 2000 ఫిబ్రవరి వరకు వీరు దేశమంతటా 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 1,501 మందితో టెలిఫోనులో మాట్లాడారు. 2005లోనూ, 2010లోనూ మళ్ళీ అంతే పెద్ద సర్వేలు చేశారు. తల్లిదండ్రుల అనుమతితో, ఇంట్లో ఉన్న పిల్లను ఫోనులో అడిగితే అన్నీ చెబుతుందా అనే సందేహం నాకూ ఉంది. అయినా పత్రికల భయాల కంటే, పెద్దల ఊహల కంటే ఇది నయం.

మొదటి సర్వేలో ఒక అంకె బయటపడింది. ఏడాది కాలంలో 19 శాతం మంది పిల్లలకు, అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి, తాము కోరని లైంగిక ప్రస్తావనలు ఇంటర్నెట్‌లో ఎదురయ్యాయి. ఇంకేం, ఆ దేశమంతా ఆ అంకె మోగిపోయింది. ప్రతి కంప్యూటరు వెనకా ఒక ముసలి రాక్షసుడు పొంచి ఉన్నాడన్నట్టు ప్రచారం సాగింది. ఆ అంకెకు అర్థం ఏమిటో, ఏమి కాదో చెబుతూ చివరికి పరిశోధకులే ఒక వివరణ పత్రం వెలువరించవలసి వచ్చింది. ఎందుకంటే ఆ ప్రస్తావనలు చేసినవారిలో దాదాపు సగం మంది తోటి పిల్లలే అని అదే సర్వే చెప్పింది. పెద్దవాళ్ళని తెలిసినవి నాలుగోవంతు. ఆ తర్వాత ఆ 19 శాతం 2005లో 13కి, 2010లో 9కి తగ్గింది. తగ్గిన సంగతి మాత్రం ఎవరూ మోగించలేదు.

పెరిగింది మరొకటి. బెదిరించడం, అవమానించడం, ఒకరి గురించి నలుగురూ చూసేలా రాసిపెట్టడం వంటి వేధింపులకు గురైన పిల్లలు 2000లో 6 శాతం, 2005లో 9 శాతం, 2010లో 11 శాతం. 2000లో ఈ బాధితుల్లో ఆడపిల్లలు సగం కంటే కాస్త తక్కువ, 48 శాతం. 2010 నాటికి 69 శాతం. పదేళ్ళలో ఈ వేధింపు ఆడపిల్లల సమస్యగా మారింది. గోడల మీద పేర్లు రాసిన రోజులు మనకు గుర్తే. కాలేజీ దారిలో మాటలు విసరడాన్ని 'ఈవ్ టీజింగ్' అని ముద్దుపేరు పెట్టి తేలిక చేసినందుకు మనం ఎంత పోట్లాడామో కూడా గుర్తే. ఇప్పుడు గోడ మారింది.

మరి పెద్దవాళ్ళు వల వేసే కేసుల సంగతి? అవి ఉన్నాయి, ఘోరంగానే ఉన్నాయి. పోలీసుల దాకా వచ్చిన కేసులను పరిశీలించి 2008లో వోలక్, ఫింకెలోర్, మిచెల్, ఇబారా రాసిన వ్యాసం చదివితే మన హెచ్చరికలు ఎంత గురి తప్పుతున్నాయో తెలుస్తుంది. వయసు దాచి తోటి పిల్లల్లా నటించినవాళ్ళు ఆ నేరస్తుల్లో 5 శాతమే. మిగతావాళ్ళు తాము పెద్దవాళ్ళమని చెప్పే పరిచయం పెంచుకున్నారు. మెచ్చుకున్నారు, ఓపికగా విన్నారు, ప్రేమన్నారు. బాధితుల్లో ఎక్కువమంది 13 ఏళ్ళు దాటినవాళ్ళు. పేరు చెప్పకు, ఫోటో పెట్టకు అనే జాగ్రత్త ఈ పిల్లకు ఎందుకు పనికొస్తుంది? తనను గౌరవంగా చూసే మనిషి ఆమెకు అక్కడ తప్ప ఎక్కడా దొరకలేదు. ప్రేమ గురించి, శరీరం గురించి, మభ్యపెట్టడం గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఆ మాటలెత్తితే పిల్లలు చెడిపోతారని మనకు భయం.

2011లో మిచెల్ బృందం ప్రకటించిన మరో ఫలితం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. ఒక ఏడాదిలో ఇంటర్నెట్‌లో హింసకు గురైన పిల్లల్లో 96 శాతం మంది అదే కాలంలో బయట కూడా, అంటే ఇంట్లోనో బడిలోనో వీధిలోనో, ఏదో ఒక హింసను అనుభవించినవాళ్ళే. తెర మీద జరిగేది వేరే లోకం కాదన్నమాట. తర్వాత 10 నుంచి 20 ఏళ్ళ వాళ్ళతో చేసిన మరో అధ్యయనంలో, కేవలం ఫోనులో జరిగిన వేధింపు కంటే ఎదురుగానూ ఫోనులోనూ రెండు చోట్లా సాగిన వేధింపు మనసును ఎక్కువగా గాయపరుస్తుందని తేలింది. ఆ పదో తరగతి పిల్లకు ఫోను తీసేశాక మిగిలింది బడి. ఆ పిల్లాడు పక్క బెంచీలోనే ఉన్నాడు. ఫోటో మిగతా అందరి ఫోనుల్లోనూ ఉంది. తనకొక్కదానికే కనబడదు.

ఇవి పాత లెక్కలు, అప్పుడు స్మార్ట్‌ఫోన్లు ఇంతగా లేవు అంటారేమో. నిజమే. అదే కేంద్రానికి చెందిన ఫింకెలోర్ బృందం 18 నుంచి 28 ఏళ్ళ వారు 2,639 మందిని బాల్యం గురించి అడిగి 2022లో ఫలితాలు ప్రకటించింది. 18 ఏళ్ళలోపు ఆన్‌లైన్‌లో లైంగిక హింసకు గురైనవారు 15.6 శాతం. నేరస్తుల్లో ఎక్కువమంది ప్రేమికులు, స్నేహితులు, పరిచయస్తులు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు తక్కువే.

ఇవి అమెరికా లెక్కలని మరిచిపోకూడదు. వాళ్ళ ప్రశ్నాపత్రంలో కులం లేదు. దళిత పిల్లను తిట్టే తిట్టుకూ మరో పిల్లను తిట్టే తిట్టుకూ ఉన్న తేడా వాళ్ళ అంకెల్లో దొరకదు. మన దగ్గర మరో తేడా కూడా ఉంది. 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5, పురుషులు 57.9. ఇంత కష్టంగా చేతికొచ్చినదాన్ని మొదటి గొడవకే లాక్కుంటున్నాం. ఆడపిల్ల వీధిలోకి వెళ్తే ప్రమాదమని గడప లోపల పెట్టిన తర్కమే ఇది. అప్పుడూ వీధిని ఎవరూ బాగుచేయలేదు.

తిరిగి ఆ ప్రశ్నకు వస్తాను. మొదటి సర్వేలో లైంగిక ప్రస్తావనలు ఎదుర్కొన్న పిల్లల్లో తల్లికో తండ్రికో చెప్పినవారు నాలుగోవంతు మాత్రమే. మన ఇళ్ళలో కారణం వెతకడానికి సర్వే అక్కర్లేదు. చెబితే ఏం జరుగుతుందో పిల్లకు ముందే తెలుసు. ఫోను పోతుంది, ట్యూషను పోతుంది, "నువ్వేం చేస్తే వాడు అలా రాశాడు?" అనే ప్రశ్న వస్తుంది, ఒక్కోచోట పెళ్ళి మాట కూడా వస్తుంది. మరోపక్క, 2000తో పోలిస్తే 2010లో తమకు జరిగిన వేధింపును బడిలో చెప్పిన పిల్లలు పెరిగారని మిచెల్ బృందం గమనించింది. వినేవాళ్ళుంటే చెబుతారు.

చట్టాల మాట. పిల్లల మీద లైంగిక వేధింపు ఫోను ద్వారా జరిగినా 2012 నాటి పోక్సో చట్టం 11వ సెక్షను కిందికి వస్తుంది. పిల్లల కోసం 1098, సైబర్ నేరాలకు 1930 నంబర్లున్నాయి. అయితే చేసినవాడూ పదిహేనేళ్ళవాడైతే తల్లులు పోలీసులంటే వెనకాడతారు, ఆ వెనకాటలో కొంత న్యాయం ఉంది. అందుకే మొదటి బాధ్యత బడి తీసుకోవాలి. పరువు పోతుందని పిల్లను టీసీ తీసుకోమనడం బాధ్యత తీసుకోవడం కాదు. ఇక 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్ళు నిండనివారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటోంది. కంపెనీలకు పగ్గం వేయడం మంచిదే. కానీ తాళంచెవి ఎవరి చేతికిచ్చారో చూడండి. వేధింపు ఇంట్లోనే ఉన్న పిల్ల సాయం వెతుక్కోవడానికి ఎవరి అనుమతి అడగాలి?

ఆ తల్లితో మళ్ళీ మాట్లాడాను. మా సంఘం నుంచి ఇద్దరం ఆమెతో కలిసి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళాం. గ్రూపులోంచి ఫోటో తీయించారు. ఆ పిల్లాడి తండ్రిని పిలిపించారు. పిల్లలందరితో మాట్లాడడానికి ఒక పీరియడు ఇవ్వమంటే సిలబస్ అవ్వలేదన్నారు. వచ్చే నెల మళ్ళీ వెళ్తాం. ఫోను ఇంకా బీరువాలోనే ఉందట, వాళ్ళాయన ఒప్పుకోవడం లేదట.